వెనకగది సంచి

మా ఇంట్లో జరిగిన ఏ పెళ్లి ఫొటోల్లోనూ నాయనమ్మ కనిపించదు. ఆల్బం తిరగేసే కొత్త కోడళ్లు "ఆమె రాలేదా?" అని అడుగుతారు. వచ్చింది. అందరికంటే ముందే వచ్చి వెనకగదిలో కూర్చుంది. తాత చిన్న వయసులోనే పోయాడు కాబట్టి ఆమె పందిట్లోకి రాకూడదు, పెళ్లికూతురికి ఎదురుపడకూడదు. ఆమెను పొమ్మన్నవాళ్లు లేరు, రమ్మన్నవాళ్లూ లేరు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమెకు మాత్రం మండేది కాదు. గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, పక్కన సంచి పెట్టుకుని, అక్కడినుంచే పెళ్లి నడిపించేది.

పరుపుగుడ్డతో కుట్టిన చారల సంచి అది. పెళ్లిలో వచ్చే చిన్న చిన్న ఆపదలన్నిటికీ అందులో మందు ఉండేది. పిన్నీసులు ఒక గుడ్డపేలికకు వరసగా గుచ్చి ఉండేవి. సూదులకు ముందే దారం ఎక్కించి పెట్టేది. "లగ్గం నాడు సూదిల దారం ఎక్కియ్యబోతే ఎవ్వలి చెయ్యయినా వణుకుతది" అనేది. అగ్గిపెట్టె, కర్పూరం తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉండేవి. నూరిన జీలకర్ర బెల్లం ముద్ద కూడా ఉండేది, ఎందుకంటే అయ్యగారు అడిగే వేళకు అది ఎప్పుడూ ఇంకెవరి దగ్గరో ఉంటుంది. పస్తున్న పెళ్లికూతురు కళ్లు తిరిగి పడిపోకుండా శొంఠి, బెల్లం కలిపి ఉండలు కట్టేది. వీటన్నిటి కింద పసుపుతాడుకు కట్టిన పసుపుకొమ్ము ఒకటి.

"ఇదెందుకు నాయినమ్మా?" అని చిన్నప్పుడు అడిగాను.

"పుస్తెలు ఇంట్ల మర్సిపోయి వస్తే? ముహూర్తం ఆగుతదా?"

"పుస్తెలు ఎవలన్న మర్సిపోతరా?"

"మనోళ్ల సంగతి నీకింకా తెల్వది పిల్లా."

ఎనభైల్లో నా పెళ్లి గరిడేపల్లిలో నాయనమ్మ ఇంటి ముందు పందిట్లోనే జరిగింది. పీటల మీద కూర్చోగానే నా బాసికం దారం తెగింది. సూర్యాపేట నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో వెనకగది నుంచి పసుపుదారం ఎక్కించిన సూది చేతులు మారుతూ వచ్చేసింది. మా అత్తగారు మెచ్చుకుంటే మా అమ్మ తనే తెప్పించినట్టు కొంగు సర్దుకుంది. పుస్తె కట్టేటప్పుడు మేళం జోరందుకుంటుంది కదా, ఆ చప్పుడు వినగానే నాయనమ్మ వెనకగదిలో లేచి మొహం కడుక్కునేదట. ఏడ్చిన మొహం ఎవరికీ కనబడకూడదని. ఈ మాట నాకు చెల్లెలు చెప్పింది.

చెల్లెలికి నాయనమ్మ సంగతులన్నీ తెలుసు. అది పుట్టాక అమ్మకు జబ్బు చేస్తే నాయనమ్మ ఎత్తుకుని గరిడేపల్లి తీసుకెళ్లింది. నాయనకు మిర్యాలగూడ రైస్‌మిల్లులో పని కాబట్టి మేం అక్కడే ఉండేవాళ్లం. చెల్లెలు మాత్రం పదో తరగతి దాకా నాయనమ్మ పక్కలోనే పడుకుంది. సెలవులకు మా ఇంటికి వచ్చినా చుట్టం లెక్క ఉండేది. నేను దాన్ని ఏడిపించేదాన్ని, "నువ్వు నాయినమ్మ బిడ్డవు, మాకేం గావు" అని. అది నిజమే అన్నట్టు తలూపేది.

తొంభైల్లో దానికి కోదాడ సంబంధం కుదిరింది. పెళ్లి మిర్యాలగూడలో, ఫంక్షన్ హాల్లో. ముహూర్తం పెట్టుకున్నాక నాయనమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరిగింది. మంచం పట్టాక జ్వరం పట్టుకుంది, ఆయాసం వచ్చింది. దవాఖానలో చూపిస్తే, ఈ వయసులో ఇక చేయగలిగింది లేదు, ఇంట్లో ఉంచి కదపకుండా చూసుకోండి అన్నారు. పెళ్లి వాయిదా వేద్దామంటే నెల దాటితే మూఢం. మా మేనత్త "నేను అమ్మ కాడ ఉంట, మీరు పెండ్లి చెయ్యిండ్రి" అని గరిడేపల్లిలో ఉండిపోయింది.

పెళ్లికి కొద్దిరోజుల ముందు నాయనమ్మ నాకు కబురు పెట్టింది. సూర్యాపేట నుంచి బస్సెక్కి వెళ్లాను. మంచం పక్కన సంచి సర్ది ఉంది. పడుకునే మేనత్త చేత సర్దించిందట. ఒక్కొక్కటీ చూపించి నేను నేర్చుకున్నానో లేదో అడిగింది. అడుగున ఒక నేత చీర మడతపెట్టి ఉంది.

"ఈ చీర ఎందుకు?"

"ఉండనియ్యి. చీర మీద ఏమన్న పడ్డదనుకో, మార్చుకుంటందుకు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇగో, ఇంకో మాట. ఆ దినం నాకేమన్న అయితే..."

"ఏం గాదు."

"నోరు మూస్కొని ఇను. మీ నాయిన చెవులవడ్డదంటే లగ్గం ఆగుతది. కన్యాదానం జేసేటోడు మైలల కూసుంటడా? అందుకని ఫోన్ గీన్ చెయ్యొద్దని మీ అత్తకు చెప్పిన. ఫోన్ ఎవలన్న ఎత్తుతరు. ఎదురింటి తాతను తోలిస్త. ఆయన నీకొక్కదానికే చెప్తడు. నువ్వు తలకు పోసుకుంటె అయిపాయె. పుస్తె పడ్డదాంక నోరిప్పకు."

"నాకే ఎందుకు?"

"నిన్ను ఇచ్చేసినం గదనే. వేరే ఇంటిదానివి. నీకు తానంతోని పోతది."

మా వాళ్లలో లెక్క అది. చావు వార్త విన్న క్షణం నుంచి ఇంటివాళ్లకు మైల. పెళ్లి చేసి పంపిన ఆడపిల్లకు మాత్రం తలమీద నీళ్లు పోసుకుంటే తీరిపోతుంది. ఆమె అన్నది లెక్క ప్రకారం సరిగ్గా ఉంది. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. సంచి భుజానికి వేసుకుని బస్టాండుకు నడిచాను.

చెల్లెలు ఒక్కటే కోరిక కోరింది. అప్పగింతలయ్యాక కారు గరిడేపల్లిలో ఆపాలి. మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే రోడ్డు మీదే నాయనమ్మ ఇల్లు. "నాయినమ్మ అచ్చింతలు ఏస్తెనే నేను కోదాడ పోత" అని మొండికేసింది. గడప లోపలి నుంచైనా సరే, ఈసారి ఆమె ఎదురుపడాలి, మీద అక్షింతలు వేయాలి, అదీ దాని పంతం. పెళ్లికొడుకు తల్లి నవ్వి, "దారేగా అమ్మా, తప్పకుండా ఆపుదాం. పెద్దావిడ దీవెన కన్నా ఏం కావాలి?" అంది. కోదాడ మాట మెత్తగా ఉంటుంది. మా అమ్మ ఆ మెత్తదనానికే భయపడేది.

పెళ్లిరోజు పొద్దున్నే ఫంక్షన్ హాలు వెనకగదిలో నేను సంచితో కూర్చున్నాను. ముత్తైదువను, నాకు ముందు వరసలో కుర్చీ ఉంది. కానీ సంచి చేతికి వచ్చాక కాళ్లు వాటంతట అవే వెనక్కి నడిచాయి. చెల్లెలు పక్కగదిలో తయారవుతూ అరగడియకోసారి కేకేసేది. "అక్కా, నాయినమ్మకు జావ పోసిండ్రో లేదో", "అక్కా, నాయినమ్మకు తలగడ ఎత్తు పెట్టిండ్రో లేదో". అడ్డుతెరకు తాడు లేదని ఒకరు, పెద్దమ్మ జాకెట్టు హుక్కు ఊడిందని ఒకరు వచ్చారు. పిన్నీసులు ఇచ్చి పంపాను.

అప్పుడు వంటపొయ్యిల దగ్గర ఎదురింటి తాత నిలబడి ఉండటం కనిపించింది. భుజం మీద గొంగడి, చేతిలో గొర్లు కాసే కర్ర. ఆ కర్రతోనే బస్సెక్కి వచ్చినట్టున్నాడు. నేను లేచి వెళ్లాను.

"పెద్దామె తెల్లారంగ పోయింది బిడ్డా. నీకొక్కదానికే చెప్పమన్నది."

"చాయ్ తాగినవా తాతా?" అన్నాను.

ఎందుకలా అడిగానో నాకు తెలియదు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "మీ అత్త తలుపు దగ్గరికేసి కూసున్నది. గట్టిగ ఏడుస్త లేదు. ఊరోళ్లకు తెలిస్తె ఎవలో ఒకలు బస్సెక్కి గీడికి వస్తరని. మీ నాయిన వచ్చేదాంక నేను గాడ అరుగు మీదనే ఉంట. ఇగ నేను మీ నాయినకు కనబడొద్దు." వెనక గేటు నుంచి వెళ్లిపోయాడు. బూడిద గుమ్మడికాయలు కోస్తున్న వంటవాళ్లు జరగమంటే జరిగాను.

స్నానాలగదిలో బకెట్ నింపుకుని తలమీద పోసుకున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయని కూడా అనిపించలేదు. తడిసిన పట్టుచీర పిండుతూ, ఇప్పుడేం కట్టుకోవాలి అనుకున్నప్పుడు సంచి అడుగున చీర గుర్తొచ్చింది. దాన్ని దులిపి కట్టుకున్నాను. నాయనమ్మ ఆ చీర దేనికి పెట్టిందో అప్పుడు తెలిసింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. ఎవరో తలుపు కొడుతుంటే బయటికి వచ్చాను.

అమ్మ ఎదురైంది. "ఇదేం చీరనే? పట్టుచీర ఏమాయె?"

"పప్పుచారు పడ్డదమ్మా."

"నీ మొకం సల్లగుండ! జర సూస్కొని తిరగరాదు? తలెందుకు తడిసింది?"

"తలమీద గూడ పడ్డది."

"తలమీద పప్పుచారు పోసుకునేదాన్ని నిన్నే సూస్తున్న" అని తిట్టుకుంటూ పోయింది. ఆ తొందరలో అమ్మకు అంతకంటే ఆలోచించే తీరిక లేదు. అదే నాకు కలిసొచ్చింది.

చెల్లెలు గౌరీపూజకు కూర్చుంది. పసుపు ముద్ద ముందు వంగి ఉన్నది తలెత్తి నన్ను చూసింది. నా చీర చూసింది, జడ చివర నుంచి కారుతున్న నీళ్లు చూసింది. నాయనమ్మ గురించి ఏదో అడుగుతుందని నేను అబద్ధం సిద్ధం చేసుకున్నాను. అది "అక్కా, ఒక పిన్నీసు ఇయ్యి" అంది. ఇచ్చాను. మళ్లీ తలవంచుకుని పూజ చేసుకుంది.

తర్వాత అది ఇంకేమీ అడగలేదు. పెళ్లి సందట్లో పడి మర్చిపోయిందనుకున్నాను. నాకు ప్రాణం కుదుటపడింది, అంతలోనే దాని మీద కోపం కూడా వచ్చింది. పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన మనిషిని ఇంత తొందరగా మర్చిపోతుందా అని.

నా చేతులు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. అయ్యగారు జీలకర్ర బెల్లం అడిగారు, అనుకున్నట్టే అది ఇంకెవరి దగ్గరో ఉంది, నా ముద్ద ఇచ్చాను. మెట్టెలు వదులయ్యాయంటే దారం చుట్టి బిగించాను. నాయన అల్లుడి కాళ్లు కడుగుతూ సంతోషంగా ఉన్నాడు. తల్లి పోయిన మనిషి అలా నవ్వుతుంటే చూడటం ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేను. ఏమీ అనిపించలేదు. సినిమా హాల్లో వెనక బెంచీలో కూర్చుని దూరంగా ఏదో చూస్తున్నట్టు ఉంది. మేళం జోరందుకుంది, పుస్తె పడింది, అందరూ అక్షింతలు విసిరారు. నేను వెనకగదిలోకి వెళ్లి మొహం కడుక్కున్నాను. కడుక్కోవలసినంతగా మొహం మీద ఏమీ లేదు.

భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు తట్టింది. అన్నీ ఆలోచించిన నాయనమ్మ ఒక్కటి మర్చిపోయింది. పెళ్లికారు ఆమె ఇంటి ముందు నుంచే పోవాలి. కారు ఆగుతుంది, చెల్లెలు దిగుతుంది, దగ్గరికేసిన తలుపు తోస్తుంది. ఇక దాన్ని అక్కడినుంచి కదిపేవాళ్లుండరు. కొత్తకోడలు అత్తింటి గడప తొక్కకముందే చావింటి గడప తొక్కితే ఆ కోదాడ వాళ్లు ఏమంటారు, జీవితాంతం ఏమని గుర్తు చేస్తారు? అన్నం కలిపి వదిలేశాను. డ్రైవరుతో సూర్యాపేట మీదుగా చుట్టు తిప్పి తీసుకెళ్లమని చెప్పాలి. అడిగితే, మేళ్లచెరువు సిమెంటు లారీలు తిరిగి గరిడేపల్లి రోడ్డంతా గుంతలు పడ్డాయని చెప్పాలి. చెల్లెలు ఒప్పుకోదు. కొట్లాడుతుంది. కారులో అత్తగారి ముందు, మొగుడి ముందు దాన్ని ఏమని ఆపాలో నాకు తోచలేదు.

అప్పగింతలప్పుడు అమ్మను కారు వెనక్కి తీసుకెళ్లి చెవిలో చెప్పాను. అమ్మ డిక్కీ పట్టుకుని గొంతెత్తి ఏడ్చింది. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. "కారు కదిలినంక నాయినకు చెప్పు" అన్నాను. నాయన కిటికీలోంచి చెల్లెలి తల నిమిరి, "అమ్మ కాడ జర ఆపుండ్రి, ఎదురుసూస్తుంటది" అని డ్రైవరుకు చెప్పాడు. చెల్లెలు ఆయన్ని చూడలేదు. దాని కంట్లో చుక్క నీరు లేదు. గుండె రాయి చేసుకుందని ఆడవాళ్లు గుసగుసలాడారు.

పెళ్లికొడుకు ముందు కూర్చున్నాడు. వెనక చెల్లెలి అత్తగారు, మధ్యలో చెల్లెలు, ఇటు నేను, తోడుగా. సంచి నా ఒళ్లో ఉంది. ఊరు దాటాక సూర్యాపేట రోడ్డు చీలే చోటు వచ్చింది. డ్రైవరు కోదాడ రోడ్డు వైపు తిప్పబోయాడు. నేను లారీలు, గుంతలు అని నోరు తెరిచాను.

"అన్నా, సూర్యాపేట మీదికెళ్లి పోనియ్యి" అంది చెల్లెలు.

"సుట్టయితదమ్మా" అన్నాడు డ్రైవరు.

"కానియ్యి."

అత్తగారు ఆశ్చర్యపోయింది. "అదేంటమ్మా? గరిడేపల్లిలో మీ నాయనమ్మ దగ్గర ఆగాలన్నావు కదా?"

"పండుకున్నది అత్తమ్మా. ఇప్పుడు పోతె లేపినట్టయితది. ఇంకోపాలి పోతం."

కారు సూర్యాపేట వైపు తిరిగింది. నేను దాని మొహం చూడలేకపోయాను. బయట వరి పొలాలు, మిల్లులు, మళ్లీ పొలాలు. చెల్లెలు నా చెయ్యి తడిమి, అరచేతిలో ఏదో పెట్టి మూసింది. పొద్దున నేనిచ్చిన పిన్నీసు. దేనికీ పెట్టుకోలేదు.

సూర్యాపేట దాటాక హైవే పక్క హోటల్ దగ్గర చాయ్‌కి ఆపారు. అందరూ దిగారు. మేమిద్దరమే మిగిలాం. ఆ పాటికి నాయన గరిడేపల్లి చేరి ఉంటాడు.

"నీ తల సూడంగనే తెలిసింది" అంది చెల్లెలు. "పెండ్లయిన ఆడది లగ్గం నాడు రెండోపాలి తలకు ఎందుకు పోసుకుంటది? నాకు నేర్పింది నాయినమ్మనే గద."

"మరి ఆడనే ఏడువకపోయినవా?"

"ఏడిస్తె నాయినకు తెలుస్తది. నాయినమ్మ ఇంత ఆగం పడి దాచిపెట్టింది పాడైతది. నాయిన మొకం సూస్తె నేను ఆగననే సూడలేదు."

దాని మీద పొద్దున వచ్చిన కోపానికి నాకు సిగ్గేసింది. నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. అది పీటల మీద కూర్చుని, తాళి కట్టించుకుని, తలంబ్రాలు పోసి, నవ్వమంటే నవ్వి, ఫొటోలు దిగి మోసింది.

"ఇప్పుడన్న ఏడువ్వే" అన్నాను.

"ఎందుకేడుస్తున్నవ్ అంటె ఏం చెప్పాలె?" హోటల్ వైపు చూసింది. అత్తగారు చాయ్ గ్లాసుతో వస్తోంది. "ఆకలైతుంది అక్కా. సంచిల శొంఠి ఉండలున్నయా?"

పొద్దున్నుంచి దానికి ఒక్క ఉండ కూడా ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. పొట్లం విప్పాను. మంచంలో పడుకుని కూడా ఇవి మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే కట్టిందని మేనత్త చెప్పింది. వేళ్ల అచ్చులు ఇంకా కనబడుతున్నాయి. చెల్లెలు ఒక ఉండ మొత్తం నోట్లో వేసుకుని నమిలింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ధారగా కారాయి. చివరికి రెండు చేతులతో మొహం కప్పుకుని వంగిపోయి ఎక్కెక్కి ఏడ్చింది.

"అయ్యో, ఏమైందమ్మా?" అత్తగారు పరుగున వచ్చి తలుపు తీసింది.

"శొంఠి... ఘాటెక్కింది అత్తమ్మా."

"ఎంత ఘాటు పెట్టారండీ తల్లీ!" అని ఆమె చెల్లెలి వీపు రాస్తూ, కొంగుతో కళ్లు తుడిచింది. తుడిచినకొద్దీ వస్తూనే ఉన్నాయి. నేను కూడా ఒక ఉండ తీసి నోట్లో వేసుకున్నాను. అత్తగారు నా వైపు చూసి, "మీకూ ఎక్కిందా?" అని అడిగింది. ఎక్కిందని తలూపాను.